లోపం గురువులో లేదు, ఆయనపై మోపిన బరువులో ఉన్నది

అలసిపోయిన ఆంగ్లోపాధ్యాయులకు ‘ఆత్మవిశ్వాసం పెంచుకోండి’ అని ఉపదేశించే శిక్షణ తరగతులంటే నాకు ఒళ్ళుమంట. రక్తహీనతతో తూలిపోతున్న వానికి ధైర్యం నూరిపోయడం వైద్యం కాదు గదా! ఆత్మవిశ్వాసమే ఆంగ్లమైతే గిరీశాన్ని మించిన పండితుడు లేడు. (అతనిని సృష్టించిన గురజాడ వారు విజయనగరంలో అధ్యాపకులే సుమా.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11లో ‘బర్నౌట్’ను వ్యాధిగా కాక, పనికి సంబంధించిన స్థితిగా పేర్కొన్నది. చక్కదిద్దని దీర్ఘకాలపు పని ఒత్తిడి వలన శక్తి హరించుకుపోవడం, వృత్తిపై విముఖత, ‘నా వల్ల కావడం లేదు’ అనే భావన దాని లక్షణాలు. మూడవదానిని గమనించండి. మీరు స్వభావదోషమని నిందించేది అక్కడ ఒత్తిడికి ఫలితం. ఆత్మవిశ్వాసం తక్కువైనవారు త్వరగా అలసిపోతారన్నదీ నిజమే. కాని ఆ విశ్వాసాన్ని హరించినదెవరు?

2019 నవంబరులో ప్రభుత్వం ఆంగ్ల మాధ్యమాన్ని నిర్బంధం చేసింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది. అయినా ప్రయత్నం ఆగలేదు. ద్విభాషా పుస్తకాలు వచ్చాయి, 2023లో టోఫెల్ అన్నారు. తెలుగులో చదివి తెలుగులో బోధించిన శ్రీకాకుళం మాస్టారు ఈ గాలివాటానికి ఊగుతూనే మరుగుదొడ్ల ఫొటోలు తీయవలసి వచ్చింది, 2022 నుండి ఫోనుకు ముఖం చూపి హాజరు వేయవలసి వచ్చింది. ఇక పాఠమెప్పుడు? సీతంపేట మన్యంలో సవర బాలునికి తెలుగే రెండవ భాష, ఆంగ్లం మూడవది. శతాబ్దం క్రితమే సవరలకు వారి భాషలో చదువు చెప్పాలని పాటుపడిన గిడుగు వారికి తెలిసిన ఈ సంగతి మన అధికారులకు తెలియదా?

తల్లిదండ్రులారా, మాస్టారి ఉచ్చారణ తప్పితే వీడియో తీసి వాట్సాప్‌లో పంచి నవ్వకండి. ఆ నవ్వు తరువాత ఆయన తరగతిలో ఆంగ్లంలో నోరు మెదపడు. నష్టం మీ బిడ్డకే.

ఉపాధ్యాయులకు ఒక మాట. ప్రతి నీరసాన్నీ బర్నౌట్ అని సరిపెట్టుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మధుమేహం, కుంగుబాటు కూడా ఇలాగే కనబడతాయి, పరీక్ష చేయించుకోండి. చనిపోవాలనే తలంపు వస్తే వెంటనే టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి.

విద్యాశాఖను అడిగేది స్వల్పమే. ఆత్మవిశ్వాస శిబిరాలు మాని, వారానికి రెండు పీరియడ్లు తగ్గించండి. ఆ సమయంలో ఉపాధ్యాయులు తమలో తాము, తప్పులకు జంకకుండా, ఆంగ్లంలో మాటాడుకొననివ్వండి. ఆనాటి మరుగుదొడ్ల ఫొటోలంటారా, వాటికి బీఈడీ అక్కరలేకపోయింది.