బహిష్కారమునకు పెట్రోలు ధర దిగునా?

పెట్రోలు ధర పెరిగినప్పుడెల్ల ఒక్కటే పిలుపు వినవచ్చుచుండును: ఫలానా దినమున ఎవ్వరును బంకునకు పోకుడు, చమురు కంపెనీలు తామే కాళ్లబేరమునకు వచ్చును అని. ఈ మాట చెప్పువారిని పరిహసించుట మా యుద్దేశము కాదు. భారమును మోయలేనివాడు ఏదో యొక ఆయుధమునకై చేయి చాచుట సహజము. అయితే ఆయుధమును చేత బట్టుటకు ముందు, అది తెగునా తెగదా, ఎవ్వరి మీద తెగును అని విచారించుట వివేకము. బహిష్కారము సామాన్యమైన ఆయుధము కాదు. దానిని మొద్దువాఱనిచ్చినచో నష్టపడునది చమురు వర్తకుడు కాదు, ప్రజ.

ఈ విషయమున అమెరికా సంయుక్త రాష్ట్రముల అనుభవము మనకు పాఠము. 1999 మార్చి నెలలో చమురు ఎగుమతి దేశముల కూటమియైన ఒపెక్ ఉత్పత్తిని తగ్గింప నిశ్చయించెను. ఆ సంవత్సరారంభమున గాలను ఒక్క డాలరునకు లోపుగ దొరకిన పెట్రోలు త్వరితగతిని ప్రియము కాజొచ్చెను. అంతట ఈమెయిలు ఉత్తరముల మూలమున దేశమంతట నొక పిలుపు వ్యాపించినది. ఏప్రిలు 30వ తేదీని ఎవ్వరును పెట్రోలు కొనరాదని దాని సారాంశము. ఆ దేశీయులు పెట్రోలును 'గ్యాస్' అందురు గనుక దానికి 'గ్యాస్ అవుట్' అని పేరు వచ్చెను. ఆ దినము వచ్చెను, పోయెను. ధర దిగలేదు, మఱుసటి సంవత్సరము ఇంకను పెరిగెను. 2007 మే 15వ తేదీని మఱల అట్టి పిలుపే వెడలెను. అప్పటికి గాలను మూడు డాలర్లకు మించియుండెను. 2008 జూలైలో నాలుగు డాలర్లకు మించియుండెను. ఆ సంవత్సరాంతమున ధర కుప్పగూలిన మాట నిజమే. కాని దానిని కూల్చినది బహిష్కారము కాదు. ప్రపంచమునెల్ల గ్రమ్మిన ఆర్థిక మాంద్యము.

ఇందుకు కారణము సులభగ్రాహ్యము. 1999లో ఆ ఏప్రిలు 30వ తేదీ శుక్రవారము. శుక్రవారము కొననివాడు గురువారమే కొనియుండును, లేదా శనివారము కొనును. అతడు బండి నడపుట మానలేదు; పెట్రోలు కాల్చుట తగ్గింపలేదు; కొనుటను మాత్రము ముందు వెనుకలు చేసెను. బంకులోని సరకు ఒక్కదినము ఆలస్యముగ అమ్ముడుపోయినది, అంతియే. ఏకాదశినాడు ఉపవసించి ద్వాదశినాడు రెండింతలు భుజించువాని యింట గాదెలో ధాన్యము మిగులునా? ఆ ఉపవాసమును చూచి ధాన్యపు వర్తకుడు భయపడునా?

ఈ లోపమును గ్రహించినవారు మఱియొక ఉపాయమును సూచించిరి. కంపెనీలన్నిటిని ఒక్కదినము కాక, మిక్కిలి పెద్దవియైన ఒకటి రెంటిని శాశ్వతముగ విడువవలెనని వారి సలహా. ఎగ్జాన్, మొబిల్ అను పేర్లు ఇట్టి యుత్తరములలో తఱచుగ కనబడుచుండెను. చూచుటకు ఇది మొదటిదానికంటె తెలివైన మార్గమే. కాని పెట్రోలు స్వభావమే దీనికి అడ్డు వచ్చుచున్నది. పది గ్రామముల ధాన్యము ఒక్క మిల్లులో పడి బియ్యమైన పిదప, ఏ గింజ ఏ రైతు పొలములోనిదో చెప్పగలవారెవ్వరు? చమురును అట్లే. ఒకరి కర్మాగారమున శుద్ధియైన పెట్రోలు వేఱొకరి పేరు గల బంకులో అమ్ముడుపోవుట సామాన్యము. ప్రజలు ఒకని విడిచి రెండవవానిని ఆశ్రయించినచో, ఆ రెండవవాడు తన సరకు చాలక మొదటివాని యొద్దనే టోకున కొనును. నడుమ నష్టపడువాడు బంకు నడపుకొను చిన్నవర్తకుడు. అమెరికాలో బంకులలో అత్యధిక భాగము చమురు కంపెనీల సొత్తు కాదు, స్వతంత్ర వర్తకులవి. బాణము సింహమును గుఱిచూచి విడిచినట్లున్నను, తగులునది దారిన బోవు గొఱ్ఱెకు.

అంతమాత్రమున బహిష్కారమే నిష్ఫలమనువారితోను మేము ఏకీభవింపము. 1880లో ఐర్లండునందు కౌలుదారులును ఊరివారును బాయికాట్ అను ఎస్టేటు అధికారితో మాటలాడుట, అతని పొలమున పనిచేయుట, అతనికి సరకులమ్ముట మానివేసిరి. అతని పేరే ఇంగ్లీషు భాషలో ఈ క్రియకు పేరైనది. 1905 ఆగస్టు 7వ తేదీని కలకత్తా పురమందిర సభలో విదేశవస్తు బహిష్కార తీర్మానము గావింపబడినది. ఆ యుద్యమము కృష్ణా గోదావరీ తీరములను గూడ మేల్కొలిపినది. ఆ బహిష్కారమునకు బలమెక్కడ నుండి వచ్చెను? విదేశపు బట్టను విడిచినవానికి చేనేత బట్ట యుండెను. తరువాత చేతిలో రాట్నముండెను. విడుచుట ఒక్కదినపు ముచ్చట కాదు. ఏండ్లతరబడి సాగిన వ్రతము. 1930లో ఉప్పు విషయమున ప్రభుత్వమునకు దిగులు పుట్టుటకును ఇదియే హేతువు. సముద్రతీరవాసి తన ఉప్పును తాను వండుకొనగలడు. కాబట్టి నేటి బహిష్కారవాదులు ముందుగ సమాధానము చెప్పవలసిన ప్రశ్న యొకటి యున్నది: పెట్రోలునకు రాట్నమేది?

పెట్రోలు బంకుల బహిష్కారమే ఒకమారు ఘనవిజయము పొందిన సంగతిని గూడ ఇచ్చట స్మరింపవలయును. 1995లో షెల్ కంపెనీ ఉత్తర సముద్రమున ఉపయోగము తీరిన 'బ్రెంట్ స్పార్' అను చమురు నిలువ కట్టడమును అట్లాంటిక్ మహాసముద్రపు లోతులలో ముంచివేయ దలచెను. జర్మనీ దేశమున వాహనదారులు షెల్ బంకులకు పోవుట మానిరి. జూన్ 20వ తేదీని కంపెనీ తన సంకల్పమును విరమించుకొన్నది. అక్కడ ప్రజలు కోరినది కంపెనీ చేతిలోనున్న పని, చౌకధర కాదు. వీథికి ఆవలి ప్రక్క వేఱొక బంకు ఉండుటచే విడుచుటయు సులభమైనది.

మొరాకో దేశమున 2018 ఏప్రిలులో ప్రజలు ఒక పాల కంపెనీని, ఒక మంచినీటి కంపెనీని, ఒక పెట్రోలు కంపెనీని ఒక్కమారే బహిష్కరించిరి. పాల కంపెనీ ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ధర తగ్గించినది. పెట్రోలు సంగతి అంత సులభముగ తేలలేదు. చమురు కంపెనీల పోటీ తీరుపై విచారణ సాగి, 2023 నవంబరులో తొమ్మిది కంపెనీలు ఆ దేశపు పోటీ మండలికి 184 కోట్ల దిర్హాములు చెల్లించుటకు ఒడంబడినవి. భేదమును గమనింపుడు. పాలు నిలువ యుండవు. కొనువాడు లేనిచో రెండవ దినమునకు విరుగును. చమురో, భూగర్భమున కోట్ల యేండ్లు నిలిచినది. ఇంకొక మాసము నిలుచుట దానికి కష్టమా?

మఱి చమురు ధరను ప్రజలు ఎన్నడును దింపలేదా? దింపిరి. కాని అది యొక్కదినమున జరిగిన పని కాదు. 1973లోను, 1979లోను చమురు ధర రెండుమార్లు మిన్నంటినది. అమెరికా 1975లో చట్టము చేసి, 1985 నాటికి క్రొత్త కార్లు సగటున గాలనుకు 27.5 మైళ్లు పోవలెనని నిర్ణయించెను. విద్యుత్కేంద్రములును, కర్మాగారములును చమురును విడిచి బొగ్గును, సహజవాయువును, అణుశక్తిని ఆశ్రయించినవి. 1978లో దినమునకు సుమారు 1 కోటి 88 లక్షల పీపాలుగ నుండిన అమెరికా చమురు వాడుక 1983 నాటికి సుమారు 1 కోటి 52 లక్షలకు దిగినది. ఇంతలో ఉత్తర సముద్రము, అలాస్కా, మెక్సికోల క్రొత్త చమురు బజారునకు వచ్చెను. ధర నిలుపుటకై తన ఉత్పత్తిని తగ్గించి తగ్గించి విసిగిన సౌదీ అరేబియా 1985లో ఆ ప్రయత్నమును విడిచినది. 1980 ప్రాంతమున పీపా 35 డాలర్లుగ నుండిన ధర 1986లో 15 డాలర్లకు లోపడెను. దీనికి ఎవ్వరును బహిష్కారమని పేరు పెట్టలేదు. కాని నిజమైన బహిష్కారమన్న ఇదియే. దుకాణమును కాదు, వాడుకను విడుచుట.

ఇక మన సంగతి. మన దేశమున ఇంకొక చిక్కు గలదు. ఇచ్చట వాడుక తగ్గినను, ప్రపంచ విపణిలో చమురు చౌకయైనను, ఆ లాభము కొనువానికి చేరునను నిశ్చయము లేదు. 2020వ సంవత్సరమే ఇందుకు సాక్షి. కరోనా మహమ్మారి కారణమున మార్చి 25వ తేదీ నుండి దేశమంతయు ఇండ్లలో బంధింపబడినది. ప్రపంచమంతయు బండ్లు కదలలేదు. ఏ పిలుపును ఇవ్వకయే అంతకంటె గొప్ప పెట్రోలు బహిష్కారము జరిగినది. ఏప్రిలు 20వ తేదీని అమెరికా ముడిచమురు వాయిదా బేరము సున్నకు దిగి, పీపాకు 37 డాలర్లు ఎదురిచ్చి సరకును వదలించుకొను స్థితి వచ్చెను. మనకు కలిగిన ఫలమేమి? కేంద్రప్రభుత్వము మార్చిలో లీటరునకు మూడు రూపాయలు, మే నెలలో పెట్రోలుపై పది, డీజిలుపై పదమూడు రూపాయలు సుంకము పెంచినది. పెట్రోలుపై కేంద్ర సుంకము రూ. 19.98 నుండి రూ. 32.98కి ఎక్కెను. జూన్ 7వ తేదీ నుండి బంకులలో ధరలు దినదినము పెరుగజొచ్చినవి. భూలోకమంతయు కొనుట మానినను తగ్గని ధర, మన యూరివారు ఒక్క సోమవారము మానిన తగ్గునా?

పెట్రోలు ధరపై ప్రభుత్వపు అదుపును 2010లో, డీజిలు ధరపై 2014లో తొలగించితిమని కేంద్రమువారు చెప్పిరి. 2017 జూన్ 16 నుండి దేశమంతట దినసరి ధరల పద్ధతి వచ్చినది. కాని బంకులలో అత్యధిక భాగము ప్రభుత్వరంగమునకు చెందిన మూడు కంపెనీల పేరనే యున్నవి. ఈ మూటిలో దేనిని బహిష్కరించి దేనిని ఆశ్రయింతుము? 2017 జూలైలో వస్తుసేవల పన్ను వచ్చినను పెట్రోలు, డీజిలు దాని పరిధిలోనికి రాలేదు. కేంద్రము తన సుంకమును తాను, రాష్ట్రము తన పన్నును తాను విధించుకొనుచున్నవి. 2021 నవంబరులో కేంద్రము పెట్రోలుపై ఐదు, డీజిలుపై పది రూపాయలు తగ్గించినప్పుడు అనేక రాష్ట్రములు తమ పన్నును గూడ తగ్గించినవి. తెలుగు రాష్ట్రములు రెండును తగ్గింపలేదు. కేంద్రము పెంచినది మాకు వాటా రాని సెస్సుల రూపమున గదా, మేమేల తగ్గింపవలెనని రాష్ట్రముల వాదము. ఆ వాదమున కొంత న్యాయము లేకపోలేదు. అయినను ఇద్దరు కావళ్లవారు బరువును గూర్చి తగవులాడుచుండగా, ఆ కావడి మోయుచున్నది మాత్రము మూడవవాడు.

ఆ మూడవవాడెవ్వడు? అదను తప్పక దుక్కి దున్నింపవలసిన రైతు. దినపు కిరాయితో ఇల్లు గడపుకొను ఆటోవాడు. కూరగాయలను తెల్లవారకముందే పట్టణమునకు చేర్పవలసిన చిన్నవర్తకుడు. వీరిని ఒక దినము కొనకుడనుట సులభము. మానగలవాడు మానుటకును, మానలేనివాడు మానుటకును భేదము లేదా? అంగబలము, అర్థబలము గలవాడు తన కారును ఒక దినము కొట్టములో నుంచి దేశసేవ చేసితినని తృప్తిపడుట మాకు సమ్మతము కాదు.

ప్రభుత్వాదాయముతో ముడివడిన సరకు విషయమున తెలుగువారికి వేఱొక దేశపు పాఠము అక్కఱలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా త్రాగవద్దని మగవారిని వేడుకొని ఊరకుండలేదు. దుకాణమును మూయించిరి. ఆ యుద్యమము వ్యాపించి సారా వేలముపాటలనే అడ్డగించెను. ఖజానాకు సారా వలన వచ్చు ఆదాయమే కదలిపోయినది. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. మద్యనిషేధపు తరువాతి చరిత్ర వేఱు. కాని ఆ యిల్లాండ్రు నేర్పిన నీతి యొకటి గలదు: ఖజానా లాభపడు చోట, ప్రశ్న దుకాణదారుని కాదు, ఖజానా యజమానిని అడుగవలెను.

కావున మా యభిప్రాయమిది. ధర తగ్గవలెనని కోరువారు ముందుగ పన్ను సంగతిని శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని పేరుపెట్టి అడుగవలయును. ముడిచమురు చౌకయైనప్పుడు సుంకము పెంచినవారు, అది ప్రియమైనప్పుడు అంత సుంకమును తగ్గింతురా యని ఎన్నికల వేళ వ్రాతమూలకముగ సమాధానము కోరవలయును. రెండవది, మానగలవారు నిజముగ మానవలయును. ఒక్కదినము కాదు, ఆర్టీసీ బస్సు పోవుచోటికి బస్సులోను, నలుగురు పోవుచోటికి ఒక్క బండిలోను, కూతవేటు దూరమునకు కాలినడకను పోవలయును. విద్యుచ్ఛక్తితో నడచు బండ్లును, పొలములలో సూర్యరశ్మితో నడచు పంపులును నేడు అందుబాటునకు వచ్చుచున్నవి. పెట్రోలునకు రాట్నమంటూ ఉన్నచో అది వీనిలోనే యున్నది. మనకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా విదేశముల నుండి తెచ్చుకొను దేశమునకు ఇది కేవలము పొదుపు కాదు, స్వాతంత్ర్యమును నిలుపుకొను మార్గము.

త్యాగము లేని బహిష్కారము తిథి వార నక్షత్రములు చూచి చేయు పండుగ వంటిది. పండుగ మఱునాడు వర్తకుడు ఎప్పటివలెనే దుకాణము తెఱచును. ప్రజలకు మాత్రము తమ శక్తి యందే నమ్మకము సడలును. ఒకటికి రెండుమార్లు ఇట్లు జరిగినచో, నిజముగ బహిష్కరింపవలసిన దినము వచ్చినప్పుడు పిలిచినను పలుకువాడుండడు. ఆ నష్టము లీటరునకు ఇన్ని రూపాయలని లెక్కింపదగినది కాదు.