గడ్డ తగ్గలేదని మందు మానకండి



కీమోథెరపీ రెండు విడతలు అయ్యేసరికి చాలా కుటుంబాలు అడిగే ప్రశ్న ఒకటుంది. "గడ్డ అలాగే ఉంది కదా డాక్టరు గారూ, మందు పనిచేయడం లేదా?" అడిగితే మంచిదే. కొందరు అడగకుండానే వైద్యం మానేసి ఇంటికి వెళ్ళిపోతారు. మా బాధ అదే.

గడ్డ సైజు ఒక్కటే చూసి మందు పనితనాన్ని తేల్చకూడదని మా అభిప్రాయం. క్యాన్సర్ కణాలు చనిపోయినా వాటిని శరీరం తొలగించడానికి సమయం పడుతుంది. ఒక్కోసారి మచ్చలాంటి కండ మిగిలిపోయి గడ్డ అలాగే కనిపిస్తుంది.

పెట్ స్కాన్‌లో చక్కెర వంటి పదార్థానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ చేర్చి నరంలోకి ఎక్కిస్తారు. ఆ ఫ్లోరిన్ శక్తి ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది. చురుకైన క్యాన్సర్ కణాలు ఆ చక్కెరను ఎక్కువగా తీసుకుని స్కాన్‌లో వెలుగుతాయి. మందు పనిచేస్తే గడ్డ తగ్గకముందే ఆ వెలుగు తగ్గవచ్చు. హాడ్జికిన్ లింఫోమాలో రెండు విడతల తర్వాత ఈ స్కాన్ చూసి తదుపరి వైద్యం నిర్ణయించడం ఇప్పుడు వాడుకలో ఉంది. మందు పనిచేయకపోతే అదీ ముందే తెలుస్తుంది. రోగికి వృథా బాధ తప్పుతుంది.

చనిపోతున్న కణాలనే నేరుగా చూపే పద్ధతి కోసం కూడా శాస్త్రవేత్తలు కృషి చేస్తున్నారు. కణం చనిపోయేటప్పుడు దాని పొర లోపలివైపు ఉండే ఒక కొవ్వు పదార్థం బయటికి వస్తుంది. అనెక్సిన్ అనే ప్రోటీన్ దానికి అతుక్కుంటుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆ ప్రోటీన్‌కు టెక్నీషియం జతచేసి, 1998లో జంతువులలో ఫలితాలు ప్రకటించారు. తరువాత రోగులలోనూ పరీక్షలు జరిగాయి. అయినా అది రోజువారీ వైద్యంలోకి రాలేదు. కణాలు ఎప్పుడు చనిపోతాయన్నది ఒక్కో గడ్డలో ఒక్కో విధంగా ఉంటుంది. స్కాన్ కాస్త ముందో వెనుకో తీస్తే అసలు సంగతి తప్పిపోవచ్చు.

అందుకే "ఏదో కొత్త స్కాన్ ఉందట, రాయండి" అని పట్టుబట్టవద్దని కూడా మా మనవి. పెట్ స్కాన్‌లోనూ క్షయ, వాపు ఉన్నచోట్లు క్యాన్సర్ లాగే వెలుగుతాయి. ప్రతి విడతకూ స్కాన్ తీయించి అప్పులపాలు కానవసరం లేదు. స్కాన్ ఎప్పుడు తీయాలో మీ డాక్టరు చెబుతారు. షుగరు ఉన్నా, గర్భిణి అయినా, పాలిచ్చే తల్లి అయినా ముందుగానే చెప్పండి.

విడత మానాలనిపించిన రోజున ఇంట్లో నిర్ణయం చేయకండి. ఆసుపత్రికి వచ్చి, "లోపల కణాలు చనిపోతున్నాయా, ఎలా తెలుస్తుంది?" అని అడగండి. ఆ జవాబు విన్న తరువాతే నిర్ణయించుకోండి.