మాట్లాడే బొమ్మ మాటలు నేర్పుతుందా?

మీట నొక్కితే పాటలు పాడే, అంకెలు చదివే బొమ్మ కొనిస్తే పిల్లలకి త్వరగా మాటలొస్తాయని మనలో చాలామంది నమ్మకం. (ధర చూశాక నమ్మక తప్పదు మరి!) అమెరికాలో 10 నుంచి 16 నెలల పిల్లలు తల్లిదండ్రులతో ఆడుకునే తీరును గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. బ్యాటరీ బొమ్మ ముందుంటే పెద్దవాళ్లే మాటలు తగ్గించేశారు. బొమ్మల పుస్తకం పట్టుకున్నప్పుడే కబుర్లు ఎక్కువగా సాగాయి.

మన లక్కపిడతల సంగతే చూడండి. అవి నోరెత్తవు. "కూరలో ఉప్పేశావా? అమ్మమ్మకి పెట్టవూ?" అని మనమే అడగాలి. వాడు "పెత్తా" అంటే, "పెడతావా? కాలుతుందేమో, ఊదు" అని మాట కలపాలి.

3-8 ఏళ్ల పిల్లల కోసం 2023 ఫిబ్రవరిలో కేంద్రం 'జాదూయీ పిటారా' పేరుతో ఆటవస్తువుల పెట్టె తెచ్చింది. సంతోషమే. కానీ విరిగిపోతాయని బొమ్మల్ని బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు మనకి ఉండనే ఉంది! పైగా పిల్లల బరువులు, సరుకుల లెక్కలు, ఫోనులో వివరాల నమోదు అన్నీ చూసుకునే అంగన్‌వాడీ టీచరుకి ఒక్కొక్కరితో కూర్చునే తీరికేదీ?

ఇంట్లోనూ అంతే. ఆఫీసు నుంచి వస్తూనే వంటింట్లోకి పరుగెత్తే తల్లి పిల్లాడి చేతికి ఫోనిస్తోందంటే సరదాకి కాదు, గత్యంతరం లేక. ఆ కాసేపూ టీవీ ముందున్న నాన్నగారు కింద చతికిలబడి, ఆ ఉత్తుత్తి కూర రుచి చూసి పెట్టొచ్చు కదా!