జ్వరం లేదంటే జబ్బు లేదనా?

"పిల్లాడు హుషారుగా ఆడుకుంటున్నాడు, ఆసుపత్రికెందుకు?" పల్లెలోనూ, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ వినిపించే మాటే ఇది. ఒళ్లు వెచ్చబడితేనే డాక్టరు, లేకుంటే అక్కర్లేదన్న నమ్మకం దీని వెనక ఉంది. పసివాళ్ల విషయంలో ఇది ప్రమాదకరమైన నమ్మకం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు నిండిన ఐదేళ్లలోపు పిల్లల్లో తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం మందికి రక్తహీనత ఉంది. వీధిలో పరుగులు తీసే పిల్లలు కూడా ఈ లెక్కలో ఉన్నారు.

చెవి, కన్ను సంగతి మరీ బాధాకరం. మూడేళ్లొచ్చినా మాటలు రాకపోతే "మగపిల్లలకు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ అంతే" అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. పుట్టుకతో వినికిడి లోపం ఉంటే నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స జరగాలంటారు వైద్యులు. నాన్నతో పోల్చుకుంటూ కూర్చున్న ఆ మూడేళ్లే మెదడు భాషను చురుగ్గా పట్టుకునే కాలం. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోవడమూ ఇలాంటిదే. పక్కకు తిరిగిన కంటి చూపును మెదడు క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. చిన్న వయసులో, ఏడేళ్లలోపే, మంచి కంటికి పట్టీ వేసి రెండోదానికి పని చెబితే చాలామందిలో చూపు మెరుగుపడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం జారిపోతుంది.

"టీకాలన్నీ వేయించాంగా" అనేది చదువుకున్నవాళ్ల జవాబు. టీకా కొన్ని జబ్బుల్ని ఆపుతుంది, బిడ్డకు చెవి వినబడుతోందో లేదో చెప్పదు. పైగా జాతీయ పట్టికలో రెండేళ్లలోపు బూస్టరు పడితే మళ్లీ సూది ఐదారేళ్లకే. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూసే కార్యక్రమం 15వ నెలతో ముగుస్తుంది. ఆ పైన అంగన్‌వాడీకి కూడా పంపని ఇంట్లో, మాటలోనో చూపులోనో తేడా తెలిసే వయసులో బిడ్డను పరీక్షించేవాళ్లే ఉండరు.

తప్పంతా తల్లుల మీదకు నెట్టడమూ న్యాయం కాదు. కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి చేతిలో బరువు రాసిన కార్డు పెట్టి పంపేస్తే ఆమె మళ్లీ ఎందుకొస్తుంది? కార్డులో గీత ఎందుకు దిగిందో, ఏం పెట్టాలో విడమరిచి చెప్పాల్సింది సిబ్బందే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని ఉచితంగా పరీక్షించాలి. ఎప్పుడొస్తుందో టీచరును అడగండి. ఆ రోజు బిడ్డను తీసుకెళ్లి చెవి చూశారా, కన్ను చూశారా, రక్తం సంగతేమిటని విడివిడిగా అడిగి తెలుసుకోండి.