నలభై దాటిన పాదాలకు వేసవి చెప్పులు

గత వేసవిలో మా ఇంట ఒక నికాహ్ జరిగింది. బట్టలు, గాజులు కొనడానికి పత్తర్‌గట్టీ నుండి లాడ్ బజార్ వరకు ఒక సాయంత్రమంతా నడిచాము. మా ఆపాకు యాభై రెండేళ్ళు. పెళ్ళి పనుల కోసమే ఆమె కొత్త చెప్పులు కొనుక్కున్నారు. బంగారు రంగు సన్నని పట్టీలు, రెండంగుళాలకు మించిన హీలు. దారిలో రెండుసార్లు అడిగాము: "కాళ్ళు నొప్పిగా ఉన్నాయా, ఆపా?" "లేదు, హాయిగానే ఉంది" అన్నారు. ఇంటికి వచ్చి, ఇషా నమాజుకు వుజూ చేసి పాదాలు తుడుచుకున్నప్పుడు తువాలుకు రక్తం అంటింది. చిటికెనవేలి ప్రక్కన పట్టీ ఒరుసుకొని చర్మం లేచిపోయింది. నొప్పి లేదని ఆమె చెప్పిన మాట నిజమే. ఎనిమిదేళ్ళ మధుమేహం ఆమె పాదాల స్పర్శను ఎప్పుడు హరించిందో ఇంట్లో ఎవరమూ గమనించలేదు. ఆ చిన్న పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది.

చెప్పుల ఎంపిక చాలా చిన్న విషయమని మేము కూడా అనుకునేవారము. ఇప్పుడు ఆ అభిప్రాయం లేదు. అందుకే ఈ నెల శీర్షికను పాదాలకే కేటాయిస్తున్నాము.

నలభై దాటిన తరువాత పాదం కూడా మారుతుంది. ఏళ్ళ తరబడి శరీర భారాన్ని మోసి అరికాలి వంపును పట్టి ఉంచే కండరబంధాలు సడలుతాయి. దానితో పాదం కొంత వెడల్పై, కొంత పొడవవుతుంది. మడమ క్రింద మెత్తలా ఉండే కొవ్వు పొర పలచబడుతుంది. పెళ్ళినాటి కొలత ఏడు అయితే ఇప్పుడు ఎనిమిది కావచ్చు. అయినా మనం దుకాణంలో అలవాటుగా "ఏడో నంబరు" అనే అడుగుతాము. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో సూది గుచ్చినట్లు నొప్పి, కాసేపు నడిస్తే తగ్గుదల... ఇది చాలామంది గృహిణులు చెప్పే బాధ. అరికాలి క్రింది గట్టి పొర ఒత్తిడికి లోనైనప్పుడు సాధారణంగా ఇలా జరుగుతుంది. కాగితం వంటి పలుచని అట్ట చెప్పులు, గట్టి నేలపై వట్టి కాళ్ళతో గంటల తరబడి వంటపని ఈ బాధను పెంచుతాయి.

కాబట్టి కొనడానికి వెళ్ళేముందు ఇంట్లోనే ఒక పని చేయండి. సాయంత్రం వేళ తెల్లకాగితంపై నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిలుతో గీత గీయించుకోండి. రోజంతా తిరిగిన పాదం సాయంత్రానికి కొంత ఉబ్బుతుంది. ఎండాకాలంలో మరింత ఉబ్బుతుంది. ఉదయం సరిపోయిన చెప్పు అసర్ వేళకు బిగుసుకుపోవడానికి కారణం ఇదే. ఒక పాదం రెండవదానికంటే పెద్దదిగా కనబడితే ఆశ్చర్యపడకండి. పెద్ద పాదానికి సరిపడే జతనే తీసుకోవాలి. గీసిన కాగితాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకువెళ్ళి చెప్పుపై పరచి చూడండి. కాగితం అంచు చెప్పు దాటి బయటికి వస్తే, ఎంత అందమైనదైనా అది మీ చెప్పు కాదు. పొడవైన వేలికి ముందు అర సెంటీమీటరైనా అట్ట మిగిలి ఉండాలి. అందరికీ బొటనవేలే పొడవుగా ఉండదని, కొందరికి రెండవ వేలు పొడవని కూడా గుర్తుంచుకోవాలి.

దుకాణంలో మూడు పరీక్షలు చేయవచ్చు. మొదటిది, చెప్పు ముందు భాగాన్ని పైకి వంచి చూడటం. అడుగు వేసేటప్పుడు మన పాదం వేళ్ళ మొదలు దగ్గర వంగుతుంది. చెప్పు కూడా అక్కడే వంగాలి. నడుమ భాగంలో రెండుగా మడతపడితే అది వంపుకు ఆసరా ఇవ్వదు. రెండవది, తడిగుడ్డను పిండినట్లు మెలిపెట్టడం. తేలికగా మెలిక తిరిగిపోతే నడకకు పనికిరాదు. మూడవది, మడమ దగ్గర బొటనవేలితో నొక్కడం. కొద్దిగా దిగి మళ్ళీ లేవాలి. దిగి అలాగే ఉండిపోయే మెత్తదనం నెల రోజుల్లో అణగిపోతుంది.

ఇక పట్టీల సంగతి. వెనుక పట్టీ లేని చెప్పు జారిపోకుండా ఉండటానికి వేళ్ళు నిరంతరం దాన్ని పట్టుకొని ఉండవలసి వస్తుంది. పది నిమిషాల బజారు పనికి అది చాలు. గంట నడకకు చాలదు. వేళ్ళపై ఒకటి, పాదం మీద ఒకటి, మడమ వెనుక ఒకటి, ఇలా మూడు చోట్ల వదులు, బిగువు చేసుకోగల పట్టీలుంటే ఉబ్బిన పాదానికీ ఉబ్బని పాదానికీ అదే జత సరిపోతుంది. పట్టీ వెడల్పుగా ఉండాలి, లోపలి వైపు మెత్తగా ఉండాలి. లోపల చేయి పెట్టి కుట్లు, మేకులు, జిగురు గడ్డలు తగులుతున్నాయేమో తడిమి చూడండి. హీలు ఒక అంగుళం చుట్టుప్రక్కల, అడుగు వెడల్పుగా ఉంటే మేలు. ఎత్తు పెరిగేకొద్దీ భారమంతా వేళ్ళ మొదళ్ళపై పడుతుంది. "వాడుతుంటే సాగుతాయండీ" అని దుకాణదారు చెప్పే మాటపై ఆధారపడవద్దు. తివాచీ మీద కాక గట్టి నేలపై అయిదు నిమిషాలు నడిచి, అప్పుడే హాయిగా ఉంటేనే కొనండి.

మన ఇళ్ళకు మరొక అవసరం కూడా ఉంది. రోజుకు అయిదు పూటలా పాదాలు తడుస్తాయి. తడికాళ్ళతో వేసుకున్న తోలు చెప్పు చెమ్మగిల్లి, వాసన పట్టి, ఎండిన తరువాత గట్టిపడి చర్మాన్ని కోస్తుంది. తోలు ఇష్టపడేవారు రెండు జతలు ఉంచుకొని ఒకటి విడిచి ఒకటి వాడాలి. తడిసినదాన్ని నీడలోనే ఆరబెట్టాలి. వుజూ చేసుకునే చోటికి రబ్బరు చెప్పులు వేరుగా ఉంచుకొని, వాటి అడుగున గాడులు అరగకుండా చూసుకోవాలి. వేళ్ళ సందులను తడి లేకుండా తుడుచుకోకపోతే వేసవి చెమటకు అక్కడ చర్మం పాచిపోతుంది. నికాహ్‌లకని బీరువాలో ఏళ్ళ తరబడి దాచిన పి.యు. సోలు చెప్పులు గాలిలోని తేమకు పాడై, వేసుకున్న రోజునే పొడిపొడిగా రాలిపోవడం చాలామందికి అనుభవమే. దాచడం కన్నా వాడుకోవడమే మేలు.

మధుమేహం ఉన్నవారికి ఒక ప్రత్యేక మనవి. నొప్పి తెలియని పాదం తన గాయాన్ని తాను చెప్పుకోలేదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ విషయాన్ని వైద్యలోకానికి స్పష్టంగా చూపించారు. ఆ రోగుల పాదాలకు కలిగే నష్టంలో అధికభాగం స్పర్శ లేక, గాయాలను గమనించక జరిగేదేనని ఆయన గుర్తించారు. అటువంటి పాదాల కోసం వాడిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులనే నేడు వైద్యులు మధుమేహ రోగులకూ సూచిస్తున్నారు. ఇంట్లో ఒక తేలికైన పరీక్ష చేయవచ్చు. కళ్ళు మూసుకోమని చెప్పి, రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొనలను చూపుడువేలితో ఒకటి రెండు క్షణాలు మృదువుగా తాకండి. నొక్కవద్దు. ఆరు తాకిళ్ళలో రెండైనా తెలియకపోతే ఆలస్యం చేయక వైద్యునికి చూపించాలి. అటువంటివారు ఉంగటం చెప్పులు మానాలి. వేసుకునే ముందు ప్రతిసారీ చెప్పు దులిపి, లోపల చేతితో తడమాలి. కొత్త జతను మొదటిరోజు అరగంట మాత్రమే ఇంట్లో వేసుకొని, విప్పాక ఎర్రని మచ్చలున్నాయేమో చూడాలి. ఎండలో కాగిన మస్జిద్ ప్రాంగణపు రాళ్ళు వారి పాదాలను వారికి తెలియకుండానే కాల్చగలవు. అందుచేత చాపల వరకు చెప్పులతోనే వెళ్ళి, అక్కడ విప్పి గుడ్డ సంచిలో పెట్టుకోవడం మంచిది. మందిలో చెప్పులు మారిపోయే బెడద కూడా దానితో తీరుతుంది.

ఉమ్రాకు సిద్ధమయ్యేవారు కొత్త చెప్పులను ప్రయాణం రోజున పెట్టెలోంచి తీయకూడదు. సఫా, మర్వాల మధ్య ఒక్కొక్క విడత దాదాపు 450 మీటర్లు. ఏడు విడతలు కలిపితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. తవాఫు, బస నుండి రాకపోకలు దీనికి అదనం. కనీసం నెల రోజుల ముందు కొని, రోజూ నడిచి అలవాటు చేసుకోవాలి. ఇహ్రాంలో పురుషులు చీలమండలు కప్పే పాదరక్షలు, మేజోళ్ళు ధరించరాదు గనుక వారి ఎంపికకు అవకాశం తక్కువ. స్పర్శ తగ్గినవారు లోపలి నేలపై ఏమి వేసుకోవచ్చునో తమ వైద్యునీ, ఆలిమ్‌నూ ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

ఇంతకూ మా ఆపా సంగతి చెప్పవలసి ఉంది. పుండు మానాక మేము నల్లని ఎం.సి.ఆర్. చెప్పులు తెస్తే ఆమె ముఖం చిన్నబుచ్చుకున్నారు. "ఇవి వేసుకొని నలుగురిలోకి ఎలా వెళ్ళను? నేను రోగినని చాటింపు వేసినట్లుంటుంది" అన్నారు. ఆ మాటను మేము తేలికగా తీసుకోలేదు. చక్కని చెప్పులు కోరుకోవడం అహంకారం కాదు. మన ధర్మం అందాన్ని నిషేధించలేదు. ఇతరులను చిన్నచూపు చూడటాన్నే నిషేధించింది. వైద్యుని సలహాతో కొలతలు తీసుకొని చెప్పులు కుట్టే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాము. ఆయన అదే ఎం.సి.ఆర్. అట్టపై తేనెరంగు మెత్తని తోలుతో మూడు వెడల్పు పట్టీలు కుట్టి, వెల్క్రో కనబడకుండా పైన ఇత్తడి బకిల్ అమర్చి ఇచ్చారు. ఈద్‌కు ఆపా వాటితోనే వచ్చారు. చూసిన ఇద్దరు ముగ్గురు ఎక్కడ కొన్నారని అడిగారు.

చెప్పు తొడిగేటప్పుడు కుడికాలు ముందు, విప్పేటప్పుడు ఎడమకాలు ముందు అని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. ఆ ఒక్క క్షణం ఆగడంలోనే పాదాన్ని ఒకసారి చూసుకునే వీలుంది. వుజూలో కాలివేళ్ళ సందుల్లో వ్రేలు పోనిచ్చేటప్పుడు నీటితోపాటు చూపు కూడా అక్కడ నిలపండి. కంటికి ఆనకపోతే పిల్లలను చూడమనండి. మా ఇంట్లో ఇప్పుడు ఇషా వేళ ఆపా పాదాలు చూసే బాధ్యత మా చిన్న మేనకోడలిది. ఆమె ఒక్కరోజు కూడా మరచిపోలేదు.