ఉయ్యాలో ఎవరు అంటున్నరు?

పాటను విప్పి చూస్తే పాట చచ్చిపోతదని ఒక మాట మన దగ్గర చాలాకాలంగ నడుస్తున్నది. ఈ మాట అనేటోళ్లలో పాటంటే ప్రాణమిచ్చే ఉద్యమకారులే ఎక్కువ. వాళ్ల ప్రేమను శంకించను. కాని ఆ మాట మన పాటకు చేసిన చేటు తక్కువేం కాదు. త్యాగరాజ కీర్తన గురించి రాగం, తాళం, గమకం అని గంటలకొద్దీ చెప్పిన పండితులు మన పాట దగ్గరికొచ్చేసరికి 'సహజంగ పుట్టింది, గుండెలోంచి వచ్చింది' అని చేతులు దులుపుకున్నరు. మెచ్చుకున్నట్టే ఉంటది. ఇందులో పనితనమేమీ లేదని చెప్పడం కూడ అదే.

బతుకమ్మ పాటనే తీసుకోండి. బడిలో చదివిన గురులఘువులు గుర్తుకు తెచ్చుకొని ఒక ఉయ్యాలో పాటకు లెక్కకట్టి చూడండి. చాలా పాటల్లో పాదానికి అయిదు మాత్రల ముక్కలు రెండు పడుతయి, వాటి వెనుక ఉయ్యాలో. బతుకమ్మ అన్న మాటే అయిదు మాత్రలు. ఉయ్యాలో ఆరు, చందమామ కూడ ఆరే. ఇప్పుడు 'నీళ్లేవి నిధులేవి ఉయ్యాలో' అని అనుకోండి. లెక్క చూపెట్టడానికి నేను పేర్చిన మాటలివి. కొలత తీసి కుట్టినట్టు కూర్చుంటయి. ఉద్యమకాలంలో ఊరూరా కొత్త బతుకమ్మ పాటలు ఎట్ల పుట్టినయని ఆశ్చర్యపడేటోళ్లకు జవాబు ఇక్కడున్నది. అచ్చు ఎన్నడో తయారై ఉన్నది. మన అక్కలు అందులో కొత్త గోస పోసిండ్రు.

ఇంకొంచెం చెవిపెడితే ఇంకోటి తెలుస్తది. ఒకామె చెప్తది, మిగిలినోళ్లు అందుకుంటరు. చెప్పిందే మళ్లీ చెప్పుడేందని పట్నం చదువులోళ్లు విసుక్కుంటరు. ఆ మళ్లీ చెప్పేటప్పుడే ముందటామెకు వచ్చే పాదం అల్లుకునే జాగ దొరుకుతది. ఊపిరి తీసుకునే జాగ, వంగి చప్పట్లు కొట్టి అడుగు జరిపే జాగ కూడ అదే. చేతిలో కాగితం లేని మనిషి గంటసేపు ఒక కథ మొత్తం నడిపిస్తున్నదంటే ఆ జాగ ఆదుకోబట్టే. ఇది తెలిసినంక మీ చెవి ముందటామె దగ్గర ఆగదు, వెనుక గొంతుల దిక్కు పోతది. ఇన్నేండ్లు నేపథ్యమనుకున్నదే పాటను మోస్తున్నదని వినిపిస్తది.

మన సంకలనాలు మాత్రం ఈ సంగతిని మింగేసినయి. బిరుదురాజు రామరాజు 1950లలోనే ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసి దారి వేసిండు. ఆ దారిన వచ్చిన పుస్తకాలు చాలావరకు మాటల కాడనే ఆగినయి. మొదటి పాదంలో ఉయ్యాలో అచ్చువేసి, కింద తీసేస్తరు. కాగితం కలిసొస్తదేమో గాని పాటలో సగం మంది మాయమైతరు. 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయమైనా బాణీని, దరువును, అందుకునే చోటును కలిపి రాయించే పని చేపట్టాలె.

గద్దర్ పాట కూడ అంతే. 2023 ఆగస్టులో ఆయన పోయిన తర్వాత ఎన్నో వ్యాసాలొచ్చినయి. చాలావాటిలో ఆయన మాటల గురించే ఉన్నది. పాట నడుమ ఆగి జనంతోని ముచ్చట పెట్టే ఆ విరామం, గజ్జె ఆగి డప్పు ఒక్కటే మోగే ఆ క్షణం లెక్కలోకి రాలే. 2024లో అందెశ్రీ పాట రాష్ట్రగీతమై, దానికి కీరవాణి సంగీతం చేసినప్పుడు ఎవరితోని చేయించిండ్రన్న పంచాయితీ గట్టిగ నడిచింది. నడవాల్సిందే. కాని బడిపిల్లలు నిలబడి పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలె, ఏ పాదం అందరు కలిసి ఎత్తుకోవాలె అన్న చర్చ నా చెవిన పడలే.

విశ్లేషణతోని నష్టమే లేదని అనను. లెక్క నేర్చిన కొత్తలో పాట వినబుద్ధి కాదు, మాత్రలే వినబడుతయి. కొన్నాళ్లకు తగ్గుతది. తగ్గినంక మిగిలేది అనుమానించే చెవి. అది ఇప్పుడు మనకు బాగ అవసరం.

ఎందుకంటే 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, ఆ వెనుకనే డీజే బాక్సు వచ్చి బతుకమ్మల పక్కన కూర్చున్నది. చెప్పేది బాక్సే, ఉయ్యాలో అనేదీ బాక్సే. ఆడోళ్లకు అడుగులేసుడొక్కటే మిగిలింది. 2023 ఎన్నికల్లో ప్రచార బండ్లు తిప్పిందీ ఇదే అచ్చు. మన దరువు, మన యాస, అందుకునే గొంతులు కూడ స్టూడియోలో ముందే నింపిపెట్టినవి. మనం జవాబు చెప్పాల్సిన చోట మన పేరు మీద వేరేటోళ్లు జవాబు చెప్తున్నరు. ఒళ్లు ఊగుతది, కాదనను. ఊగుతున్నప్పుడే ఆ సంగతి పసిగట్టాలంటే పాట ఎట్ల కట్టిండ్రో తెలిసి ఉండాలె.

విద్యార్థి మిత్రులు ఈసారి ఎంగిలిపూల నాడు ఊరికి పోతే ఒక పని చేయండి. మీ వాడకట్టులో బాక్సు లేకుండ పాట చెప్పగలిగే పెద్దమనిషి ఇంకా ఉంటే ఫోన్‌లో రికార్డు చేయండి. ఫోన్ ఆమె నోటికాడ పెట్టకండి, వలయం నడుమ పెట్టండి. పాటయినంక ఏ పాదం అప్పటికప్పుడు కట్టిందో అడిగి రాసుకోండి.