ఇంటి యేలుబడి యెవరిది?

నోటిమాటతో దీపము వెలుగును. చేతిలోని ఫోనుతో తలుపు తాళము పడును. ఇట్టి యుపకరణముల నన్నిటిని ఒక్క త్రాట గట్టి నడపు యంత్రమునకు స్మార్ట్ హోమ్ హబ్ అని పేరు. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణములందు క్రొత్తయిల్లు కట్టుకొనువారికి, పెక్కు కంపెనీల హబ్బులలో నేది మేలైనదను ప్రశ్న యెదురగుట సహజము. అంతకుముందు మఱియొక ప్రశ్న వేయవలెనని మా యభిప్రాయము: కంపెనీ చేయి విడిచిన నాడును అది పనిచేయునా?

దూరమునుండి యంత్రము నాడించుట మన సీమకు వింత కాదు. మొబైల్ స్టార్టరు పెట్టుకొన్న రైతు ఇంటినుండియే ఫోను చేసి పొలములోని మోటారు నాడించును. సిగ్నలు లేనినాడు గట్టుమీదికి నడచిపోయి మీట నొక్కును; పైరు ఎండదు. పట్టణపు హబ్బునకును మే మీ కొలతయే పెట్టుచున్నాము.

అమెజాన్ వారి అలెక్సా 2017లో మన దేశమునకు వచ్చి 2019లో హిందీ నేర్చినది. అలెక్సాయు, గూగుల్ హోమును పెక్కు ఉపకరణములతో కలియును. కాని మన పలుకు నర్థము చేసికొను పని చాలవఱకు దూరముననున్న కంపెనీ సర్వర్లలో జరుగును. ఇంటర్నెట్టు తెగినచో ఆ సేవకుడు మూగవోవును. ఆపిల్ పద్ధతిలో పెక్కు ఆజ్ఞలు ఇంటిలోనే నడచును గాని, ఆ కంపెనీ ఫోను లేనివారికి అందులో చోటు లేదు. సామ్‌సంగ్ 2014లో కొనిన స్మార్ట్‌థింగ్స్ ఈ రెంటికిని నడుమ నున్నది. 2013లో పౌలస్ స్కౌట్సెన్ ఆరంభించిన హోమ్ అసిస్టెంట్ ఉచిత సాఫ్ట్‌వేరు. ఇంటిలోని చిన్న కంప్యూటరుపైననే నడచును. 2024 నుండి లాభాపేక్షలేని సంస్థ యధీనమున నున్నది. అమర్చుకొనుటకు ఓపికయు నేర్పును వలయును. అదియే దాని లోపము.

ఇక భవిష్యత్తు మాట. 299 డాలర్లకు అమ్మిన రివాల్వ్ హబ్బు వ్యాపారమును గూగుల్ సొంతమైన నెస్ట్ సంస్థ 2014లో కొని, 2016 మేలో ఆ హబ్బులను ఆపివేసెను. అంతవఱకు ఉచితమైన సేవకు వింక్ సంస్థ 2020లో నెలచందా విధించెను. 2022 ఏప్రిలులో ఇన్‌స్టియాన్ సర్వర్లు ముందుమాట లేకయే ఆగినవి. తుదకు కొందఱు వాడుకరులే ఆ వ్యాపారమును కొని నిలిపిరి. ఆళ్లగడ్డ శిల్పి చెక్కి యిచ్చిన విగ్రహము, ఆ శిల్పి పని చాలించినను గుడిలో నిలిచియుండును. డబ్బిచ్చి కొన్న హబ్బు మాత్రము అమ్మినవాని దయమీద బ్రతుకుట యేమి న్యాయము?

ఈ చిక్కునకు కొంత మందు 2022 అక్టోబరులో వెలువడిన మ్యాటర్ ప్రమాణము. అమెజాన్, ఆపిల్, గూగుల్, సామ్‌సంగ్ అందఱును దీని నంగీకరించిరి. ఈ ముద్రగల దీపము వీరిలో ఎవరి హబ్బుతోనైనను కలియును. ఆజ్ఞ ఇంటిలోని నెట్‌వర్కులోనే పోవును. రేపు హబ్బు మార్చినను దీపములు పారవేయ నక్కఱలేదు. ఐనను అన్ని యుపకరణములకును ఇది యొక్కసారిగా వర్తింపలేదు. కెమేరాలకు 2025లోగాని ఇందులో చోటు దొరకలేదు. ఏ కంపెనీ గెలుచునో మేము జోస్యము చెప్పము. కొనినవానిని కట్టివేయక ఈ ప్రమాణమును నిండుమనసుతో పాటించువారే నిలువదగినవారని మాత్రము చెప్పుదుము.

కావున కొనువారు అంగడివానిని మూడు ప్రశ్న లడుగవలెను. ఇంటర్నెట్టు లేనపుడు ఇది పనిచేయునా? మ్యాటర్ ముద్ర కలదా? మా యింటి పెద్దల తెలుగు దీనికి తెలియునా? జవాబు తిన్నగా రానిచో సంచి ముడి విప్పకుడు. ఏ హబ్బు కొన్నను గోడమీది మీటను మాత్రము తీసివేయనీయకుడు. నంద్యాల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు హోమ్ అసిస్టెంట్ అమరికను నేర్చి, ఇరుగుపొరుగులకు తెలుగున నేర్పిరేని దాని లోపమును తీరును, వారికి పనియు దొరకును. ఇంటి దీపమునకు ఆజ్ఞ యిచ్చు నధికారము ఇంటివారిదే కావలెను.